నడి ఏడాదిలో నీరసమా?

ఏడాది మొదట్లో ఉన్న ఊపు సగానికి వచ్చేసరికి చల్లబడుతుంది. పని అదే, మనుషులూ వాళ్లే. కానీ అడుగు ముందుకు పడదు. దీన్ని బద్ధకమని కోప్పడితే జట్టు మరింత కుంగుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఒంటికీ, ఇంటికీ చేటు. అసలు మధ్యలోనే ఎందుకిలా? జట్టును నడిపేవాళ్లు ఏం చెయ్యాలి? ఇంట్లోవాళ్లు ఏం చెయ్యొచ్చు?

సాయంత్రం తెనాలి జంక్షన్‌లో రేపల్లె రైలెక్కి కూర్చుంటే చాలు, పక్క సీట్ల మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. బ్యాంకు ఉద్యోగి ‘ఇంకా సెప్టెంబరే. మార్చి దాకా ఈ టార్గెట్లు మొయ్యాలి’ అంటారు. ప్రైవేటు బడి టీచరమ్మ ‘జూన్‌లో ఎన్ని చెయ్యాలనుకున్నానో! ఇప్పుడు నోటుపుస్తకాలు దిద్దడానికే ఓపిక ఉండటం లేదు’ అని నిట్టూరుస్తారు. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి ‘శ్రావణమాసం రద్దీ అయిపోయింది, దసరా బేరాలు ఇంకా మొదలవ్వలేదు. అయినా రోజంతా నిలబడే ఉండాలి’ అంటూ పిక్కలు నొక్కుకుంటుంది. బాపట్ల బస్సెక్కినా వినపడేవి ఇలాంటి మాటలే.

ఉద్యోగాలు వేరు, బాధ ఒకటే. మొదలుపెట్టినప్పటి ఉత్సాహం పోయింది. ముగింపు ఇంకా కనుచూపు మేరలో లేదు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలైతే సెప్టెంబరు 30కి సగం అవుతుంది. బడులకు దసరా, దీపావళి రోజులు నడిమధ్య. మన తీరప్రాంతానికి మరో కష్టం కూడా ఉంది. సరిగ్గా ఈ నెలల్లోనే వానలు, జ్వరాలు, వరదలు, తుపాన్లు వచ్చిపడతాయి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద కిందికి పోయింది. బ్యారేజీ కట్టాక అంత ప్రవాహం ఎప్పుడూ రాలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు పారిశుద్ధ్య, విద్యుత్తు, రెవెన్యూ, వైద్య సిబ్బందికి రాత్రీ పగలూ ఒకటే. నీళ్లు తగ్గాక ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. వాళ్లు మాత్రం మర్నాడు మళ్లీ పాత పనికి హాజరు కావాలి, పేరుకుపోయిన ఫైళ్లు ముందేసుకోవాలి.

ఇలాంటి సమయంలో జట్టును నిలబెట్టడమంటే ఆఫీసు లెక్కలు తేల్చుకోవడం ఒక్కటే కాదు. అది ఆరోగ్యానికి సంబంధించిన పని కూడా.

మధ్యలోనే ఎందుకు?

గమ్యం దగ్గరపడే కొద్దీ ఎవరికైనా నడక వేగం పెరుగుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్లార్క్ హల్ 1930లలోనే దీన్ని ఎలుకల మీద పరీక్షించారు. తిండి దగ్గరకు వచ్చే కొద్దీ అవి వేగంగా పరుగెత్తాయి. మొదట్లో ఉత్సాహం ఉండటానికి కారణం వేరు. బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరం వచ్చామో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. పది పనుల్లో ఒకటి పూర్తయితే ‘మొదలైంది’ అనిపిస్తుంది. తొమ్మిది పూర్తయితే ‘అయిపోవచ్చింది’ అనిపిస్తుంది. మరి అయిదోది పూర్తయితే? ఏమీ అనిపించదు. ఇటు చూస్తే బయల్దేరిన ఒడ్డు దూరం, అటు చూస్తే చేరాల్సిన ఒడ్డు దూరం.

2011లో వెలువడిన ఓ అధ్యయనంలో కొందరికి తొమ్మిది వ్యాసాలిచ్చి అచ్చుతప్పులు వెతకమన్నారు. నడిమి వ్యాసాల దగ్గరకు వచ్చేసరికి వాళ్ల పట్టు సడలింది. మరుసటి ఏడాది వచ్చిన మరో పరిశోధనది ఇంకా తమాషా ఫలితం. కాగితం మీద వరసగా గీసిన బొమ్మలను కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించమంటే, మధ్యలో బొమ్మల మూలలను ఎక్కువగా అడ్డదిడ్డంగా కోసేశారు. అంటే మధ్యలో తగ్గేది వేగం ఒక్కటే కాదు. పనిలో నాణ్యత, శ్రద్ధ కూడా సడలుతాయి. ఆసుపత్రిలో మందు మోతాదు రాసే చోట, బ్యాంకులో అంకెలు వేసే చోట, కరెంటు స్తంభం ఎక్కే చోట ఈ చిన్న సడలింపు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

కాబట్టి మీ జట్టు సెప్టెంబరులో మందగించిందంటే వాళ్లు చెడ్డవాళ్లయిపోయారని కాదు. మనసు పనిచేసే తీరే అంత. తెలిస్తే సర్దుకోవచ్చు.

అలుపా, దహనమా, జబ్బా?

అన్ని నీరసాలూ ఒకటి కావు. మూడింటిని విడదీసి చూడాలి.

మొదటిది మామూలు అలుపు. ఆదివారం కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, పిల్లలతో సూర్యలంక తీరానికో మరో చోటికో వెళ్లొస్తే సోమవారానికి కాస్త తేలికపడుతుంది. దీనికి భయపడక్కర్లేదు.

రెండోది బర్న్‌అవుట్. పొయ్యిలో కట్టె కాలి బూడిదైనట్టు మనిషి లోలోపల ఖాళీ కావటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. పనిచేసే చోట ఎంతకాలానికీ తీరని ఒత్తిడి దీనికి మూలమని చెబుతూ మూడు లక్షణాలు చూపింది. ఒకటి, శక్తి పూర్తిగా ఇంకిపోయినట్టుండటం. రెండు, పని మీద విరక్తి, ‘ఎవడికోసం ఇదంతా’ అనే వెటకారం. మూడు, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానన్న భావన. ఇది ఒక్క సెలవుతో తీరదు. సెలవు నుంచి వచ్చిన మర్నాడే మళ్లీ అదే బరువు. దీన్ని తగ్గించాలంటే మనిషికి మాత్రలిస్తే చాలదు, పనిలోనే మార్పు రావాలి.

మూడోది జబ్బు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, అదుపు తప్పిన మధుమేహం, విటమిన్ బి12 లోపం, రాత్రి గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా.. ఇవన్నీ నీరసంగానే బయటపడతాయి. డిప్రెషన్ కూడా అంతే. ‘పని ఒత్తిడిలే’ అని సరిపెట్టుకుంటే అసలు జబ్బు దాక్కుంటుంది. ముఖ్యంగా నెలసరి ఎక్కువగా అయ్యే మహిళలు ఓసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవటం మంచిది.

ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ పని అవుతుందనుకోవటమూ పొరపాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ఒక అంచనా వెలువరించాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేసేవారికి పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండెకు రక్తసరఫరా తగ్గే జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. మన ఊళ్లలో పొద్దున తొమ్మిదికి తెరిచి రాత్రి తొమ్మిదిన్నరకు మూసే దుకాణాలు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటే ఈ అంకె ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

వరి రైతుకు తెలిసిన కిటుకు

డెల్టా రైతు నత్రజని ఎరువును ఒక్కసారే గుమ్మరించడు. మూడు భాగాలు చేస్తాడు. ఒకటి నాట్లకు ముందు, రెండోది దుబ్బు చేసేటప్పుడు, మూడోది అంకురం దశలో. ఈ మూడోది పంట నడిమధ్యలో పడుతుంది. అప్పటికి చేను పచ్చగానే కనిపిస్తుంది, బయటికి ఏ లోటూ తెలియదు. కానీ గింజ ఎంత పట్టాలో నిర్ణయమయ్యేది అప్పుడే. ఆ మోతాదు తప్పితే కంకి తేలిపోతుంది. అలాగని ఎక్కువేస్తే చేను మెత్తబడి పడిపోతుంది, అగ్గి తెగులు, దోమపోటు పట్టుకుంటాయి.

మన ఆఫీసులను చూడండి. ఏప్రిల్‌లో మీటింగులు, లక్ష్యాలు, చప్పట్లు. మార్చిలో పరుగులు, ఆ తర్వాత అవార్డులు లేదా చీవాట్లు. మొదట ఎరువు, చివర కోత. నడుమ మోతాదు ఎక్కడా లేదు. కొన్నిచోట్ల ఉన్నా ఒకేసారి బస్తాడు గుమ్మరిస్తారు. ఎవరినో పిలిచి రెండు గంటల ఉపన్యాసం ఇప్పించి, పాట పెట్టి, ఫొటో దిగి పంపేస్తారు. నాలుగు రోజుల్లో అది ఆవిరి. జట్టుకు నడి ఏడాదిలో కావాల్సింది కొద్దికొద్దిగా, వేళకు అందే మోతాదు. అదెలా ఇవ్వాలో చూద్దాం. అయిదుగురు పనిచేసే మందుల దుకాణమైనా, యాభైమంది ఉన్న బడి అయినా పద్ధతి ఇదే.

ఏడాదిని మడులుగా విడగొట్టండి

ఎకరాల చేనంతా ఒకేసారి కనిపిస్తే నాటేవాళ్లకు నడుం విరిగినట్టే. గట్లు వేసి ఉంటాయి కాబట్టి ‘ఈ మడి అయిపోయింది’ అని నడుం ఎత్తి నిలబడగలుగుతారు. ఏడాది లక్ష్యానికీ గట్లు కావాలి. ఆర్నెల్ల పని మిగిలి ఉందంటే దాన్ని మూడు వారాలో, నెలో పట్టే ముక్కలుగా చేయండి. ముక్క చిన్నదైతే మధ్యభాగమూ చిన్నదవుతుంది, నీరసం కూర్చోవటానికి చోటుండదు.

దీనికి ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టారు. తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ఆ పత్రికను నడిపించారు. దాదాపు 28 ఏళ్లు. అంతకాలాన్ని ఒక్క లక్ష్యంగా చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ మాసపత్రికకు నెలనెలా ఒక సంచిక ముగుస్తుంది, అది చదువరి చేతికి చేరుతుంది, మర్నాడు కొత్తది మొదలవుతుంది. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 సంగతీ ఇంతే. మనం సాంబ మసూరి అని ఇష్టంగా తినేది దాన్నే. కొత్త వంగడం ఒక్క ఏడాదిలో రాదు. సంకరపరిచాక పంట తర్వాత పంట వేస్తూ, మంచి మొక్కలను ఏరుతూ ఏళ్ల తరబడి పనిచేయాలి. అలాంటి పనిలోనూ ప్రతి పంటకాలం చివర చేతికి కొన్ని విత్తనాలు, పుస్తకంలో కొన్ని ఫలితాలు మిగులుతాయి. పెద్ద పనిని ముందుకు లాగేవి ఆ చిన్న ముగింపులే.

సగం దాటాక లెక్క తిప్పండి

సగానికి ముందు ‘ఇంత చేశాం’ అని చూపిస్తే ఉత్సాహం వస్తుంది. సగం దాటాక ‘ఇంతే మిగిలింది’ అని చూపించాలి. రెండింటిలో ఎప్పుడు ఏది చిన్న అంకెగా కనిపిస్తుందో దాని మీద దృష్టి పెడితే ఒక్కో అడుగూ పెద్దదిగా అనిపిస్తుందని పరిశోధకులు గమనించారు. నూరు పాఠాల్లో ఇరవై అయినప్పుడు ‘ఇరవై పూర్తి’ అని రాయండి. డెబ్బై అయినప్పుడు ‘ఇంక ముప్ఫయ్యే’ అని రాయండి. గోడ మీద తెల్లబోర్డు, ఒక మార్కర్ చాలు. ఒక్క జాగ్రత్త. బోర్డు మీద జట్టు లెక్క ఉండాలి. మనుషుల పేర్లు పక్కపక్కన రాసి వెనకబడినవాళ్లకు ఎర్రగీత పెడితే అది ఎరువు కాదు, కలుపుమందు.

అడ్డు ఏమిటో అడగండి

హార్వర్డ్‌కు చెందిన టెరెసా అమబిలే బృందం 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించింది. దాదాపు 12 వేల రోజుల రాతలను పరిశీలిస్తే ఒక్క విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. పని కొంచెమైనా ముందుకు జరిగిన రోజే మనుషులు ఉత్సాహంగా ఉన్నారు. బోనసు, పొగడ్తల కన్నా ఈ చిన్న కదలికే ఎక్కువ పనిచేసింది. పని ఆగిన రోజు మనసు అంతకంటే గట్టిగా కుంగింది.

అందుకే ‘ఎందుకు కాలేదు?’ అని కాకుండా ‘ఎక్కడ ఆగింది?’ అని అడగండి. జవాబులు చాలాసార్లు చిన్నవే. ప్రింటరు పనిచేయటం లేదు. ఒకే రిపోర్టును మూడు చోట్ల నింపాల్సి వస్తోంది. కౌంటరు దగ్గర ఫ్యాను లేదు. రేపల్లె నుంచి వచ్చే అమ్మాయి సాయంత్రం రైలు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. వారానికి ఒక్క అడ్డు తొలగించండి. తొలగించామని అందరికీ చెప్పండి. ‘మన మాట విన్నారు’ అన్న నమ్మకం కలిగితే సగం నీరసం పోయినట్టే.

ఎవరికి మేలు జరిగిందో చూపించండి

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు సేకరించే జట్టు ఉండేది. విసుగుపుట్టించే పని. ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని వాళ్లతో కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్‌లో మాట్లాడిన సమయం రెండు రెట్లు దాటింది. వచ్చిన విరాళాలూ అలాగే పెరిగాయి. 2007లో ప్రచురించిన ఈ ఫలితం మనకూ పనికొస్తుంది. బ్యాంకు రుణంతో కుట్టుమిషన్ కొనుక్కున్న మహిళ వచ్చినప్పుడు ఆ కాగితాలు సిద్ధం చేసిన గుమస్తాకు ఆమెను చూపించండి. డెంగీ తగ్గి ఇంటికెళ్లిన పిల్లాడి తల్లి చెప్పిన మంచిమాట రాత్రి డ్యూటీ నర్సు దాకా చేరాలి. పాస్ అవుతాడో లేదో అనుకున్న అబ్బాయి ఉద్యోగంలో చేరితే ఆ కబురు అతడికి లెక్కలు చెప్పిన మాస్టారికి అందాలి. మంచి సాధారణంగా మేనేజరు గది దగ్గరే ఆగిపోతుంది. ఫిర్యాదు మాత్రం కిందిదాకా వెళ్తుంది. ఈ దారిని తిరగెయ్యాలి.

నడి సమీక్షలో ఒకటి తగ్గించండి

కానీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 1988లో ఎనిమిది జట్ల పనితీరును మొదటి నుంచి చివరి దాకా గమనించారు. కొన్నింటికి గడువు వారమే, కొన్నింటికి నెలలు. అయినా అన్నీ సరిగ్గా సగం గడువు దగ్గరే ఉలిక్కిపడి, పాత పద్ధతి వదిలి కొత్త దారి పట్టాయి. అంటే నడిమధ్య నీరసానికే కాదు, మలుపుకూ అదే సమయం. దాన్ని వాడుకోవాలి.

సెప్టెంబరు చివర్లోనో, దసరా సెలవులకు ముందో ఒక గంట కూర్చోండి. మూడే ప్రశ్నలు. ఏది బాగా జరుగుతోంది? ఏది సాగటం లేదు? ఏది మానేయొచ్చు? మూడోది మరిచిపోవద్దు. ఆర్నెల్ల అనుభవం చూశాక కూడా ఏప్రిల్‌లో రాసిన పనులన్నీ అలాగే ఉంటే అది సమీక్ష కాదు, హాజరుపట్టీ. వరద వచ్చి పది రోజులు పోయినచోట పాత లక్ష్యాన్ని పాత గడువులోనే అడగటం అన్యాయం. దాన్ని సవరించి చెబితే జట్టు మీద గౌరవం ఉన్నట్టు. సమీక్షలో మొదట మాట్లాడాల్సింది చిన్నవాళ్లు. పైవారు ముందు మాట్లాడితే మిగిలినవాళ్లు ‘అవును సార్’ అనటానికే పరిమితమవుతారు.

విశ్రాంతిని పనిలో భాగం చేయండి

వారపు సెలవు దయ కాదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988)లోనే అది ఉంది. సెలవు ఇచ్చి రోజంతా వాట్సప్‌లో పని పురమాయిస్తే ఇవ్వనట్టే. మెదడు పని నుంచి పూర్తిగా విడివడితేనే కోలుకుంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపులో పని సందేశాలు పెట్టకూడదని జట్టంతా ఒక మాట అనుకోండి. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేస్తారు కదా!

నిలబడి పనిచేసేవారికి రెండు గంటలకోసారి అయిదు నిమిషాలు కూర్చునే వీలు కల్పించండి. కూర్చుని పనిచేసేవారిని లేచి నడవనివ్వండి. వరద, తుపాను విధుల్లో రాత్రిళ్లు మేల్కొన్నవారికి ఆ హడావుడి తగ్గగానే వంతులవారీగా విశ్రాంతి ఇవ్వండి. నెల తర్వాత ఇచ్చే ప్రశంసాపత్రం కన్నా ఆ వారంలో దొరికే ఒక్క రోజు నిద్ర గొప్పది.

మెప్పు వెంటనే, వివరంగా

‘బాగా చేశారు’ అంటే మర్యాద. ‘నిన్న కౌంటరు దగ్గర పెద్దాయన అరుస్తుంటే మీరు నెమ్మదిగా కూర్చోబెట్టి ఫారం నింపిచ్చారు చూడండి, అది బాగుంది’ అంటే మెప్పు. ఏం చేశారో, దానివల్ల ఏం జరిగిందో ఉండాలి. నలుగురిలో మెచ్చుకోండి. తప్పు చెప్పాల్సి వస్తే గదిలో, ఒక్కరితోనే చెప్పండి.

ఇంట్లోవాళ్ల చేతిలో ఏముంది?

ఆఫీసు నీరసం గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగిపోదు. అన్నం ముందు చిరాకు, పిల్లాడి మార్కుల మీద కోపం, మాటామాటా పెరగటం.. ఇలా బయటపడుతుంది. అప్పుడు ‘అందరూ చెయ్యటం లేదా ఉద్యోగాలు?’ అంటే పుండు మీద కారమే. ‘ఏమండీ, టార్గెట్ అయిందా?’ అని అడిగేకంటే ‘ఇవాళ ఏ పని తెమిలింది?’ అని అడిగి చూడండి. చిన్నదైనా ఒక జవాబు దొరుకుతుంది. దాన్ని నోటితో చెప్పుకోవటమే మనసుకు సాంత్వన. ఇంటికి రాగానే అరగంట ప్రశ్నలు వెయ్యకుండా వదిలేస్తే ఇంకా మంచిది.

ఉద్యోగం చేసే ఇల్లాలి సంగతి వేరు. ఆమెకు రెండో డ్యూటీ ఇంట్లో కాచుకుని ఉంటుంది. నడి ఏడాది అంటే వరుసగా పండగలు కూడా. ఇల్లు దులపటం, పిండివంటలు, చుట్టాలు. ఆఫీసులో ఎంత మంచి మేనేజరు ఉన్నా ఇంట్లో పని పంచుకోకపోతే ఆమె నీరసం తగ్గదు. ‘ఏమైనా సాయం కావాలా?’ అని అడగటం కాదు, రాత్రి గిన్నెలో, పిల్లల బడి సంచులో ఒక పనిని పూర్తిగా మీదిగా తీసుకోండి. అత్తగారు ‘అమ్మాయ్, ఈసారి అరిసెలు బయట నుంచి తెప్పిద్దాంలే’ అంటే అది కూడా ఒక మోతాదే.

నిద్ర విషయంలో ఇంటిల్లిపాదీ ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. పెద్దలకు ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. పడుకునే ముందు గంటసేపు ఫోన్లు పక్కన పెట్టండి. సాయంత్రం అయిదు తర్వాత కాఫీ, టీ తగ్గించండి. రోజూ అరగంట నడక మనసు మీద పడే బరువునూ దించుతుంది. పొద్దున కాలువ గట్టు మీద ఇద్దరూ కలిసి నడిస్తే ఇంకా మంచిది, మాట్లాడుకోవటానికి వేళ దొరుకుతుంది. ఒత్తిడి తీరుతుందని మద్యం, సిగరెట్ల వైపు మళ్లితే నిద్ర మరింత చెడుతుంది.

ఎప్పుడు డాక్టర్‌ను కలవాలి?

సెలవు తీసుకున్నా తగ్గని నీరసం, రెండు వారాలకు మించి రోజంతా దిగులు, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోవటం, నిద్ర, ఆకలి బాగా తగ్గటం లేదా పెరగటం, పనిలో వరసగా పొరపాట్లు, అకారణంగా బరువు మారటం.. వీటిలో ఏది కనిపించినా ముందు ఫ్యామిలీ డాక్టర్‌ను కలవండి. రక్తపోటు, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలతో చాలావరకు శారీరక కారణాలు తేలిపోతాయి. అవి సరిగా ఉంటే మానసిక నిపుణుల సలహా తీసుకోవటానికి సంకోచించొద్దు. ఛాతీలో నొప్పి, బిగుతు, ఆయాసం, ఒక్కసారిగా చెయ్యో కాలో పట్టు తప్పటం, మూతి వంకర పోవటం కనిపిస్తే ‘ఒత్తిడిలే’ అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

‘బతికి ఏం లాభం’ లాంటి మాట నోటి నుంచి వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఉపన్యాసం ఇవ్వకండి. పక్కన కూర్చుని వినండి, ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా అందుబాటులో ఉంటుంది. తెలుగులో మాట్లాడొచ్చు. జట్టును నడిపేవారు ఈ నంబరును నోటీసు బోర్డు మీద రాసి ఉంచటం మంచిది. ఎవరికి అవసరమో మనకు తెలియకపోవచ్చు, వాళ్లకు తెలుస్తుంది.

ఈ వారంలోనే మొదలెట్టండి

అన్నీ ఒకేసారి చేయబోతే అదీ ఒక భారమవుతుంది. సోమవారం మిగిలిన పనిని ముక్కలుగా చేసి బోర్డు మీద మొదటి ముక్క రాయండి. మంగళవారం ‘ఎక్కడ ఆగింది?’ అని ముగ్గురిని అడగండి. గురువారంలోపు ఒక్క అడ్డు తొలగించండి. శుక్రవారం ఒకరికి వివరంగా ఒక మెప్పు చెప్పండి. శనివారం రాత్రి గ్రూపును నిశ్శబ్దంగా ఉంచండి. ఆదివారం మీరూ విశ్రాంతి తీసుకోండి. ఎందుకంటే జట్టును నడిపేవారికీ ఇది నడి ఏడాదే. ఎండిపోయిన కాలువ చేనుకు నీళ్లు ఇవ్వలేదు.

మార్చి వచ్చినప్పుడు లెక్కలు ఎలాగూ తేలతాయి. వాటితోపాటు ఇంకో లెక్క కూడా చూసుకోండి. ఏప్రిల్‌లో మీతో బయల్దేరినవాళ్లలో ఎంతమంది ఆరోగ్యంగా, నవ్వుతూ మీ పక్కనే ఉన్నారు?